మెట్ల కింది సముద్రం

ఆల్చిప్పల పెంకు మందం కొలవబోయి నా బుర్ర మందం కొలుచుకున్నవాణ్ణి నేను. అది కూడా సముద్రం ఒడ్డున కాదు, అనంతపురంలో, అద్దె ఇంటి మెట్ల కింద.

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. మాది విడపనకల్లు పక్క పల్లె. సముద్రాన్ని మొదటిసారి చూసింది పెళ్ళయ్యాకే. అయినా పీహెచ్‌డీకి, ఒడ్డున రాళ్ళను కరుచుకొని బతికే ఆల్చిప్పలనే ఎంచుకున్నాను. ఎందుకని అడిగినవాళ్ళతో, రాళ్ళకు మన జిల్లాలో కొదవేముంది, సముద్రం ఒక్కటే కదా తక్కువ అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వును మెప్పు అనుకున్నాను.

విషయం చిన్నదే. లేత ఆల్చిప్పకు పారిపోవడానికి కాళ్ళుండవు. పీత వచ్చి పెంకు పగలగొట్టి తినేస్తుంది. అయితే నీళ్ళలో పీత వాసన తగిలితే చాలు, అది ఒళ్ళు పెంచడం తగ్గించి పెంకును మందం చేసుకుంటుంది. నేను చూపించాల్సింది ఇదే. ఒక తొట్టిలో పిల్ల ఆల్చిప్పలు, వాటి పక్కనే చిల్లుల డబ్బాలో ఒక పీత. ఇంకో తొట్టిలో ఉత్త ఆల్చిప్పలు. కొన్ని వారాలయ్యాక కొలిస్తే పీత ఉన్న తొట్టిలోవి మందంగా, రెండోదాంట్లోవి పలుచగా ఉండాలి. తేడా వస్తే థీసిస్. రాకపోతే, గడువు ఈ ఏడాదితో సరి కాబట్టి, చేతికి చిప్ప. నా విషయంలో ఆ చిప్ప కూడా సిద్ధంగానే ఉంది.

విశాఖలో ఉండి చేయమన్నారు గైడు. కాలేజీవాళ్ళు సెలవివ్వలేదు. దాంతో సముద్రాన్నే ఇంటికి తెచ్చుకున్నాను. ఆల్చిప్పలూ పీతా తడి గోనెపట్టాల్లో చుట్టుకొని నాతోపాటు రైలెక్కాయి. బెంగళూరు నుంచి తెప్పించిన సముద్రపుప్పు నీళ్ళలో కలిపాను. గాలి బుడగల పంపు పెట్టాను. చలికాలం కాబట్టి బతుకుతాయన్న ధైర్యం. తొట్లు పెట్టడానికి చోటు మాత్రం మెట్ల కిందే దొరికింది, ఓనరమ్మ డ్రమ్ముల పక్కన.

ఓనరమ్మ కింది వాటాలో ఉంటుంది. మా వీధికి కొళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు పండగ, రాని రోజులు లెక్కలు. పొద్దున నమాజు కాగానే ఆమె మగ్గు పట్టుకొని బిందెలూ డ్రమ్ములూ అన్నీ చూసుకుంటుంది. ఒకటి నిండుగా, ఇంకోటి వెలితిగా ఉంటే ఆమె ప్రాణం ఒప్పదు. ఎక్కువ ఉన్నదాంట్లోంచి తోడి తక్కువ ఉన్నదాంట్లో పోసి సమానం చేస్తుంది. మా వీధిలో చాలామంది ఆడవాళ్ళు అంతే. పాత్ర అడుగు కనబడటం ఇంటికి మంచిది కాదంటారు.

ఇది తెలిసీ నేను చెప్పిన జాగ్రత్త ఒక్కటే. ఇవి ఉప్పునీళ్ళు పెద్దమ్మా, వీటిలో కొత్త నీళ్ళు బొట్టు కూడా పోయొద్దు, ఆవిరైనంత నేనే పోసుకుంటాను అన్నాను. సరేలేప్పా అంది. ఆమె మాట ఇస్తే తప్పదు. నా దురదృష్టం అక్కడే ఉంది.

వాకిలి దగ్గర ఉన్న, పీత లేని తొట్టికి గాలి ఎక్కువ తగులుతుంది. నీళ్ళు త్వరగా తగ్గాలి. మూలనున్న పీత తొట్టికి అంత గాలి లేదు. కానీ ఏ పొద్దు చూసినా రెండూ ఒకే మట్టంలో ఉండేవి. ఇది నేను తొట్లు అమర్చిన తీరులోని గొప్పతనం అనుకొని తోటి లెక్చరర్లకు కూడా చెప్పుకున్నాను.

కొలిచే రోజు వచ్చింది. ఒక్కో తొట్టిలోంచి కొన్ని తీసి కొలిచాను. రెండూ మందమే. కాలేజీ నుంచి ఇంకో కాలిపర్ తెచ్చి కొలిచాను. పీత మొహం ఎరగని ఆల్చిప్పలు కూడా కోటగోడల్లాంటి పెంకులు కట్టుకొని కూర్చున్నాయి. ఉప్పును తిట్టాను, పంపును తిట్టాను, శత్రువు లక్షణం ఒక్కటీ లేదని పీతను తిట్టాను. గైడుకు ఫోన్ చేస్తే, "ఏమయ్యా, మీ అనంతపురంలో పీత లేకపోయినా భయమేనా?" అన్నారు. గడువులోగా మళ్ళీ పెంచడం కుదరదని, కొత్తగా రిజిస్టర్ చేసుకొని మొదటినుంచీ రమ్మని కూడా ఆయనే చెప్పారు.

మర్నాడు నిద్ర పట్టక పెందలాడే కిందికి దిగాను. ఓనరమ్మ మెట్ల కింద వంగి, పీత తొట్టిలోంచి మగ్గుతో తోడి వాకిలి దగ్గరి తొట్టిలో పోస్తోంది. పీత వాసన, నా గడువు, రెండూ ఆ మగ్గులోనే పోతున్నాయి. పోయొద్దని చెప్పాను కదా పెద్దమ్మా అన్నాను.

ఆమె మగ్గు దించలేదు. "నువ్వేమంటివి? కొత్త నీళ్ళు పోయొద్దంటివి. పోసినానా? ఎక్కువుండేదాంట్లోంచి తక్కువుండేదాంట్లోకి పోస్తాండా. రెండూ నీవే కదప్పా."

దినామూ పోస్తున్నావా అని అడిగాను.

"పోయకుంటే అది యాడ మిగిలేది? నీకు చూసుకునే తీరుబాటు యాడుండాది. సదువుకునేటోడివి."

కోప్పడదామంటే సందు లేదు. ఆమె నా మాటను అక్షరాలా నిలబెట్టింది. గుల్లల్ని నమ్ముకొని గుల్లయిన నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆమె టీ తెచ్చి ఇచ్చింది. తాగాను. అదీ ఒళ్ళు మండించింది.

తర్వాత కొళాయి వచ్చిన పొద్దున, పీతనూ మిగిలిన ఆల్చిప్పలనూ కాలేజీ మ్యూజియం సీసాల పాలు చేశాక, వీధంతా బిందెలతో నిలబడి ఉన్న వేళ చూసి తొట్లు రెండూ మోరీ పక్కకు లాక్కొచ్చాను. ఓనరమ్మ అరుగు మీదే ఉంది. ఆ నీళ్ళు చెట్టుకు పనికిరావు, గిన్నెలకు పనికిరావు, పారబోయడం తప్ప దారి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా లేచి నిలబడింది.

"నీళ్ళప్పా అవి," అంది మెల్లగా.

తొట్టి ఒక్కసారి వంచేస్తే అయిపోయేది. వంచలేదు. ఆమె మగ్గే అడిగి తీసుకున్నాను. ఒక్కో మగ్గు నిండుగా ముంచి, ఆమెకు కనబడేలా ఎత్తి, తొందర లేకుండా మోరీలో పోశాను. మధ్యలో ఒకసారి రెండు తొట్లూ సమానంగా ఉన్నాయా అని వంగి చూసి, ఎక్కువ ఉన్నదాంట్లోంచి ఇంకో మగ్గు తీసి పారబోశాను.