రోటి కింద సైకిల్ ట్యూబులు

నా చిన్నప్పుడు, రాజమండ్రిలో మా తాతయ్య డాబా ఇంట్లో, మేడ మీద వాటాలో ఒకావిడ అద్దెకుండేవారు. మేమంతా అత్తయ్యగారు అని పిలిచేవాళ్లం. భర్త పోయాక కారం, సాంబారు పొడి దంచి ఆ వీధిలో ఇళ్లకు అమ్ముకుని బతికేవారు. పొద్దున పది దాటగానే రోకలి దెబ్బలు మొదలయ్యేవి. కింద పడక్కుర్చీలో పేపరు చదువుకునే తాతయ్యకి ఒళ్లు మండిపోయేది.

ఏదో సినిమా హాల్లో చూసొచ్చి, ముందు గది గోడలన్నిటికీ కొబ్బరి పీచు పట్టాలు కొట్టించారు. కిటికీలకు బొంతలు కట్టించారు. లోపల మాకు ఊపిరాడలేదు గానీ చప్పుడు పిసరంత కూడా తగ్గలేదు. ఇంత చేసినా లాభం లేదంటే తప్పు ఆవిడదేనని తేల్చి, నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఆ వీధి వదిలితే ఆవిడ మళ్లీ ఎక్కడ, ఎవరి గుమ్మం ముందు మొదలుపెట్టాలి?

పక్కింటి అక్క బీయస్సీ చదివేది. సంగతి విని, నా చెవిని మా భోజనాల బల్లకి ఆనించి రెండో చివర గోటితో గీకింది. చెవిలోనే గీకినట్టు వినిపించింది. తల ఎత్తితే దాదాపు ఏమీ లేదు.

"చూశావటే? ఆ పట్టాలు గదిలో మోత తగ్గిస్తాయి, అంతే. రోకలి దెబ్బ గాల్లోంచి రావట్లేదు, రోట్లోంచి శ్లాబులోకి దిగి గోడలెంట వచ్చేస్తోంది. ఆపాల్సింది రోటి కిందే," అంది.

ఆ సాయంత్రమే పాత సైకిల్ ట్యూబులు తెచ్చి, మడతలు పెట్టి, మధ్యలో గోనెపట్టాలు వేసి, అక్కా, నేనూ, అత్తయ్యగారూ కలిసి రోలు వాటి మీదికి ఎక్కించాం.

మర్నాడు పదకొండు గంటలకి తాతయ్య పేపరు మడిచి, ఆవిడ దంచడం మానేసినట్టుంది, ప్రాణం లేచొచ్చిందన్నారు. అక్క నా వంక చూసింది. నేను తాతయ్య చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లాను. అత్తయ్యగారు కారంతో ఎర్రబడ్డ చేతులతో రోకలి పట్టుకుని దంచుతున్నారు. తాతయ్య నవ్వుతారనుకున్నాను. ఆయన రోలు చూశారు, ట్యూబులు చూశారు.

"చప్పుడు సంగతి సరేనండి. కానీ ఎవరెవరో వచ్చిపోతున్నారు. మగదిక్కు లేని ఇల్లు, రేపు మాకు మాట వస్తుంది," అన్నారు.

"చప్పుడొక్కటే అన్నారు కదండి," అన్నారు అత్తయ్యగారు. తాతయ్య మెట్లు దిగిపోయారు.

నెలాఖరుకి ఆవిడ వెళ్లిపోయారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది. ఎందుకంటే తర్వాత ఆ వాటాలోకి ఒక ఆఫీసరుగారు దిగారు. వాళ్ల అబ్బాయిలు రోజంతా శ్లాబు మీద బంతాట ఆడేవారు. పిల్లలన్నాక ఆడుకోరా అనేవారు తాతయ్య, పీచు పట్టాల మధ్య కూర్చుని. నన్ను ఎంతో ముద్దు చేసిన మనిషే. ఆ ఒక్క విషయంలో నేనాయన్ని క్షమించలేదు.

ఇప్పుడు మా అపార్టుమెంటులో ఇలాంటి ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వస్తాయి. రబ్బరు ఎక్కడ వెయ్యాలో చెప్పడం తేలికే. అంతకంటే ముందు ఆ చప్పుడు ఎవరిదని అడుగుతాను. అది చెప్పేటప్పుడు చాలామందికి గొంతు తగ్గిపోతుంది.