అనాథ మిషన్లు, మా సర్వర్ రూం మేడం

మా సర్వర్ రూం మేడం పోయిన్రు. పోయిన ఆదివారం పొద్దున నేను సిద్దిపేట మార్కెట్ల కూరగాయలు కొంటున్న. కాలేజీ గ్రూపుల మా ఆఫీసు క్లర్కు "మేడం ఇక లేరు" అని పెట్టిండు. దాని కింద ఒకాయన "ఏ ఊరికి పోయిన్రు?" అని అడిగిండు. ఇంకొకాయన అది చదువకుండనే రోజటి లెక్క పూలగుత్తి బొమ్మ పెట్టి శుభోదయం చెప్పిండు. నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చినయి. తరాజుల బెండకాయలు జోకుతున్న అవ్వ నా మొఖం చూసి, "ఏమైంది బిడ్డా?" అన్నది. చెప్పిన. సంచిల ఇంకో గుప్పెడు ఏసి, "పో బిడ్డా, జల్ది పో" అన్నది. మేడం ఉండి ఆ గ్రూపు చూసుంటే కడుపు పట్టుకొని నవ్వుతుండె.

మాదొక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ. మేడం అక్కడ సర్వర్లకు ఇంచార్జి. నేను ఆమె కింద టెక్నీషియన్ని. మా రూంల ఏసీ బంద్ కావద్దు కాబట్టి ఎండకాలమొస్తే లెక్చరర్లందరికీ మాతోని పని పడేది. "మేడం, నెట్ జర స్లో ఉన్నట్టుంది" అనుకుంట వచ్చి కుర్చీ గుంజుకునేటోళ్ళు. మేడం ఒక్కల్ని గూడ పొమ్మనలేదు. "మంచి టైముకు వచ్చిన్రు సార్, గీ వైరు పట్టుకోండ్రి" అని చేతికిచ్చి తన పని తాను చేసుకునేది. ఆ వైరు ఎందుకు పట్టుకున్నరో ఆయనకు తెల్వదు, నాకు తెల్వదు. చల్లగున్నంతసేపు పట్టుకొని పోయేటోళ్ళు. మధ్యాహ్నం తినే సర్వపిండి రొట్టెల డబ్బాను వెచ్చగుండాలని యూపీఎస్ మీద పెట్టేది. "గిది కరెంటు పోతె సర్వర్లను కాపాడుతది, కరెంటుంటె నా సర్వపిండిని కాపాడుతది" అని ఆమె మాట.

ఆమె గురించి చెప్పాలంటే ఆ అనాథ మిషన్ల సంగతి చెప్పకుండ కుదరదు.

మా దగ్గర ఒక పెద్ద సర్వర్ల చాన కంప్యూటర్లు ఉంటయి. చేతితోని ముట్టేటివి కావు, సాఫ్ట్‌వేర్‌తోని కట్టిన కంప్యూటర్లు. వర్చువల్ మిషన్లంటరు. ఒక్కో మిషన్ అంటే నిజానికి స్టోరేజీల ఉన్న కొన్ని పెద్ద ఫైళ్ళు. మిషన్ను లిస్టుల నుంచి తీసేసినా ఒక్కోసారి దాని ఫైళ్ళు స్టోరేజీల అట్లనే పడి ఉంటయి. వాటిని అనాథ ఫైళ్ళంటరు. మేడం నాకు మొదటి రోజే చెప్పిన్రు: "కిరాయికున్నోళ్ళు ఖాళీ చేసిపోయిన్రు, సామాను మాత్రం అర్రలనే ఉన్నది. గంతే."

ఒక ఏడాది ఆన్‌లైన్ పరీక్షల ముంగట మా స్టోరేజీ నిండింది. మిషన్లు ఒకటెనుక ఒకటి బిగుసుకపోయినయి. ప్రిన్సిపల్ సార్ ఉరికొచ్చిండు.

"కొత్త స్టోరేజీ కొనుడు అయ్యే పని కాదు మేడం. పాతయి తీసిపారెయ్యిండ్రి."

మేడం వెతికిన్రు. ఏ మిషన్‌కూ అతుక్కోని ఫైళ్ళు గుట్టలు గుట్టలు. ఒక దాని పేరు ఫైనల్. ఇంకో దాని పేరు అసలు ఫైనల్. ఒక దాని పేరు 'తీసెయ్యొద్దు'. అన్నిటికంటె పెద్దదాని పేరు టెస్ట్. పాత సర్వర్ చెడిపోయినప్పటి సంది దాన్ని ఎవరూ ముట్టలేదు.

"గదే, పెద్దది. ముందు గదే తీసెయ్యిండ్రి" అన్నడు సార్, స్క్రీన్ మీద ఏలు పెట్టి.

"తీసుడు క్షణం పని సార్. తెచ్చుడు మనతోని కాదు. ఎవరిదో అడుగుదాం."

"టెస్ట్ అనే పేరుకు ఎవరుంటరు మేడం?"

"పేరు సక్కగ లేకపోవుడు వేరు, మనిషి లేకపోవుడు వేరు సార్."

సార్ గడియారం చూసుకున్నడు. రేపటిదాక టైమిచ్చిండు. మేడం అప్పటికప్పుడు గ్రూపుల పెట్టిన్రు: "మా దగ్గర అనాథ మిషన్లు ఉన్నయి. ఎవరివైనా ఉంటే రేపు వచ్చి చెప్పగలరు. లేకుంటే తీసేస్తం."

ఆ మెసేజు గ్రూపు దాటి ఎట్ల పోయిందో, ఎన్ని చేతులు మారిందో తెల్వదు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి గేటు ముంగట ఆటోలే ఆటోలు. ఆడోళ్ళు లైను కట్టిన్రు. అందరి చేతుల ఆధార్ కార్డు జిరాక్సులు. వాచ్‌మన్ తాత లాఠీ చంకల పెట్టుకొని బిక్కమొఖం ఏసిండు.

"ఏంది తాతా గిది?"

"అనాథలకు కుట్టు మిషన్లిస్తున్నరట గద? లైనంతా గదే."

ప్రిన్సిపల్ సార్ కారు గేటు కాడనే ఆగిపోయింది. ఎవరో అద్దం కొట్టి, "సారూ, నా పేరు ముందు రాసుకో. తల్లి లేదు, తండ్రి లేడు" అన్నరు. ఆమెకు అరవై ఏండ్లకు తక్కువుండయి. సార్ అద్దం దించకుండనే మేడంకు ఫోన్ చేసి, "వీళ్ళను పంపియ్యిండ్రి, తర్వాత ఆ ఫైళ్ళన్ని తీసెయ్యిండ్రి. ఇప్పుడే!" అని ఒర్లిండు.

మేడం గేటు కాడికి వచ్చిన్రు. నేనైతే ఏం చెప్తుంటినో తెల్వదు. ఆమె చెప్పులిడిచి గేటు పక్కన దిమ్మె ఎక్కిన్రు.

"అక్కా, చెల్లే, అందరు ఇనుండ్రి. తప్పు నాదే. నేను రాసిన మిషన్లు కుట్టేటివి కాదు, కంప్యూటర్లు."

"అయితే కంప్యూటర్లే ఇయ్యి" అని ఎనుకకెళ్ళి ఒక గొంతు.

అందరు నవ్విన్రు. మేడం కూడ నవ్విన్రు. ఎండల వచ్చిన్రని క్యాంటీన్ల చాయ్ పెట్టిచ్చిన్రు. తిట్టుకుంటనే చాయ్ తాగి ఒక్కొక్కరు ఆటోలెక్కిన్రు. ఒకామె మాత్రం పోలే. దుబ్బాక ఆమె, నేతపని చేసే కుటుంబం. సిద్దిపేటల బిడ్డ ఇంటికొచ్చి, మిషన్ల ముచ్చట ఇని ఈడికొచ్చిందట.

"మిషన్ లేకుంటె లేదు గని మేడం, మా డిజైన్లన్న ఇయ్యుండ్రి" అన్నది.

"ఏం డిజైన్లు అక్కా?"

"మా మామ గీసిన చీర అంచులు. మీ కాలేజి పిల్లలొచ్చి కాయిదాలన్ని ఫొటోలు తీసుకొని, కంప్యూటర్ల భద్రం చేస్తమన్నరు. తర్వాత వానలకు ఇల్లు కురిసి కాయిదాలు ముద్దైనయి. మేం వచ్చి అడిగితె కంప్యూటర్ చెడిపోయింది, ఏం లేవన్నరు. మామ చచ్చిపోయిండు. ఆయన ఏసిన అంచు మళ్ళ ఏద్దామంటె ఎవరికీ యాదికి లేదు."

మేడం నా దిక్కు చూసిన్రు. పాత సర్వర్ చెడిపోయిన ముచ్చట, దానెనుక మిగిలిన టెస్ట్ ఇద్దరికీ ఒక్కసారే యాదికొచ్చినయి. ఆమెను ఎంటబెట్టుకొని సర్వర్ రూంకు ఉరికినం.

టెస్ట్‌ను మళ్ళ మిషన్‌గ కట్టి నడిపిచ్చి చూసినం. నడిచింది గని పాస్‌వర్డ్ అడిగింది. అది పెట్టిన పిల్లలు ఎక్కడున్నరో! నేను తల పట్టుకున్న.

"తలుపుకు తాళముంటె కిటికిలకెళ్ళి తీద్దాం" అన్నరు మేడం. దాని డిస్కు ఊడదీసి వేరే మిషన్‌కు తగిలిచ్చిన్రు. ఫోల్డర్లు తెరుచుకున్నయి. బొమ్మలు ఒకటెనుక ఒకటి వచ్చినయి, గళ్ళ కాయిదం మీద పెన్సిలుతోని గీసిన అంచులు.

దుబ్బాక అక్క స్క్రీన్‌కు దగ్గరగ వచ్చింది. తల పక్కకు వంచింది. ఇంకా వంచింది. ఎందుకో తెల్వకుండనే నేను గూడ వంచిన.

"గిదేంది, అన్ని తలకిందులున్నయి?"

ఆ పిల్లలు కాయిదాలన్నీ ఉల్టా పెట్టి తీసిన్రు. "కంప్యూటర్ల తిప్పొచ్చు మేడం" అని నేను మౌస్ పట్టుకునేలోపే మేడం మానిటర్ను రెండు చేతులతోని ఎత్తి, ఉల్టా చేసి ఒళ్ళె పెట్టుకున్నరు. "ఇప్పుడు చూడు అక్కా" అన్నరు. అక్క చూసింది. ఏలుతోని అంచు పొడుగునా రాసుకుంట పోయింది. "మామదే. గీ హంస ముక్కు జర వంకరుంటది, ఆయనకు సక్కగ రాకపోతుండె" అని ఏడ్చింది, నవ్వింది. ప్రిన్సిపల్ సార్ తలుపు కాడ నిలబడి ఉన్నడు. ఎప్పుడొచ్చిండో తెల్వదు. ఫైళ్ళు తీసిన్రా అని అడగనీకే వచ్చుంటడు. అడగలే. మానిటర్ బరువున్నదని వచ్చి ఒక పక్క పట్టుకున్నడు.

డిజైన్లన్నీ తిన్నగ తిప్పి పెన్‌డ్రైవ్‌ల ఏసిచ్చినం. అక్క దాన్ని కొంగుకు కట్టి, ముడి మీద ముడేసి బస్సెక్కింది.

మిగిలిన ఫైళ్ళను మేడం ఒక్కటి గూడ ఎంటనే తీసెయ్యలే. మూలకు పడ్డ వేరే సర్వర్ డిస్కు మీదికి జరిపి, స్టోరేజీల జాగ చేసి, పరీక్షలు గట్టెక్కిచ్చిన్రు. "పక్కకు పెడితె అడిగెటోళ్ళుంటె అరుస్తరు. అరిచిన్రంటె అనాథ కాదు" అన్నరు. పరీక్షలయినంక ఒక లెక్చరర్ వచ్చి చాన మెల్లగ అరిచిండు. 'తీసెయ్యొద్దు' అనే పేరున్నది ఆయనదే. తెరిచి చూస్తే నిండ క్రికెట్ ఆటలు. మేడం వాటిని పెన్‌డ్రైవ్‌ల ఏసి చేతుల పెట్టిన్రు. ఎవరూ అరవనివి సెలవులల్ల తీసేసినం. తీసే ముందు మేడం ఒక్కోదాని పేరు పైకి చదివేది. "ఎందుకు మేడం?" అంటే, "ఎవరో కూసోని కష్టపడి చేసిందే గద. పోయేముందు పేరన్న పిలువద్దా?" అనేది.

ఆ ఏడాది కాలేజీ వార్షికోత్సవంల ప్రిన్సిపల్ సార్ చేనేతకు మా కాలేజీ సేవ గురించి చానసేపు మాట్లాడిండు. మేడం వరుసల కూసోని అందరికంటె గట్టిగ చప్పట్లు కొట్టిన్రు. ఆమెకు కోపమొచ్చుడు నేను చూడలే. నా చేతుల పని నేర్పిందీ ఆమెనే, పని మీద నవ్వుడు నేర్పిందీ ఆమెనే.

ఆమెను నేను ఆఖరుసారి చూసింది కోమటి చెరువు కట్ట మీద. రిటైరైనంక సాయంత్రాలు అక్కడ నడుస్తుండె. మక్కకంకులు కాల్చే ఆమె కాడ నిలబడి, "ఇంకా నల్లగ కావాలె, ఇంకా" అని పోరుపెడుతుండె. నన్ను చూసి ఒక కంకి నా చేతుల పెట్టి, "పో, ఇంటికాడ పిల్లలు చూస్తుంటరు" అని తోలింది. జర దూరం పోయి తిరిగి చూసిన. కంకులామె విసురుడు పెంచింది. బొగ్గుల మీదికెళ్ళి నిప్పురవ్వలు గుంపుగ లేసినయి. మేడం ఎనుకకు ఎగిరి, చీర మీద పడ్డ రవ్వలు దులుపుకుంట, చెరువంతా ఇనపడేటట్టు నవ్వుతున్నరు.