పసుపు నీళ్లలో మా సబ్బు

మా తాత మొదలుపెట్టిన సబ్బుల పని మా నాన్నతో ఆగిపోయింది. ఆపింది మాత్రం నేను.

గుంటూరు పక్క ఊళ్లో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెద్ద ఇనప బాణలి ఉండేది. పత్తిగింజల నూనె మిల్లులో మిగిలిన మడ్డినూనె తెచ్చి, కాస్టిక్ సోడా నీళ్లు పోసి ఉడికించేవాళ్లం. చెక్క అచ్చుల్లో పోసి, ఆరాక తీగతో బిళ్లలు కోసేవాళ్లం. మిరపకాయలు కోసే కూలీలు మా సబ్బే కావాలనేవారు. దాంతో కడుక్కుంటే చేతుల మంట దిగుతుందట.

సోడా ఎక్కువైతే సబ్బు చర్మాన్ని తినేస్తుంది. సరిపోయిందో లేదో నాన్న నాలుకతో చూసేవాడు. చల్లారిన ముక్కను నాలుక కొసకి తాకించి, చుర్రుమంటే ఇంకాస్త నూనె పోసి మళ్లీ ఉడికించేవాడు. తాత నేర్పిన పద్ధతి అది.

నేను పదో తరగతితో చదువు ఆపేసినా, సాయంత్రాలు శాఖా గ్రంథాలయంలోనే గడిపేవాణ్ని. రసాయన శాస్త్రం అక్కడే సొంతంగా నేర్చుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ని.

కరోనా వచ్చి తగ్గాక నాన్నకి నాలుక మీద రుచీ, మంటా తెలియడం పోయింది. ఆర్నెల్లయినా తిరిగి రాలేదు. ఒకరోజు సబ్బు ముక్క చేత్తో పట్టుకుని నన్ను పిలిచాడు. అమ్మ అప్పుడు కనిగిరిలో ఉన్న పిన్ని దగ్గరికి వెళ్లింది.

"ఒరేయ్, నువ్వొకసారి నాలుక పెట్టి చూడరా. నాకేం తెలవట్లా."

"ఈ రోజుల్లో సబ్బు నాకి చూసేదెవరు నాన్నా? పుస్తకంలో పరీక్ష ఉంది" అన్నాను.

సోడాలాంటి క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని చదివాను. పసుపు నీళ్లలో ముక్క వేశాను. నీళ్లు ఎర్రబడ్డాయి.

"సోడా మిగిలిపోయింది" అన్నాను, గెలిచినవాడిలా.

నాన్న కరోనాకి ముందు తను చేసిన బిళ్ల ఒకటి అటక మీంచి తీశాడు. "ఇది చూడు."

మూల గీరి వేశాను. అదీ ఎర్రబడింది.

"అంటే ఇన్నాళ్లూ జనం చేతులు కాల్చానా నేను? మా నాయన కూడా అంతేనా?"

ఆ రెండో బిళ్ల చూసైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. పరీక్ష ఇంకా గట్టిగా రుజువైందనుకున్నాను.

"మీ అమ్మకి చెప్పమాకు" అని నాన్న పొయ్యి ఆర్పేశాడు. ఆ వాయి సబ్బు మొత్తం గుంట తీసి పూడ్చాడు. అమ్మ తిరిగొచ్చేసరికి బాణలి పాత ఇనుము వాడికి వెళ్లిపోయింది. ఓపిక లేక మానేశానని ఆమెతో చెప్పాడు. తరవాత దారిలో కూలీలెవరైనా "సబ్బు లేదా బాబాయ్?" అని అడిగితే, వాళ్ల చేతుల వంక చూసేవాడు.

రెండేళ్లకి పోయాడు.

మొన్న అమ్మ నా చొక్కా ఉతుకుతోంది. కూర మరక మీద కొట్లో కొన్న సబ్బు రుద్దగానే మరక ఎర్రబడింది.

"అమ్మా, ఈ సబ్బులో సోడా ఎక్కువుందా?"

"ఏ సబ్బయినా అంతేగదరా. పసుపు మరక సబ్బుకి ఎర్రబడుద్ది, ఎండకి పోద్ది. అన్ని పుస్తకాలు తిరగేశావు, ఇది తెలవదా?"

అప్పుడు మొత్తం చెప్పాను. చొక్కా అమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది. దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నన్ను ఒక్కమాట అడగాల్సింది గదరా, ఇద్దరూ" అంది.

పూడ్చిన వాయి ఎలాంటిదో ఇక తెలియదు. అటక మీద ఆ పాత బిళ్ల మాత్రం, మూల గీరిన గుర్తుతో, ఇంకా ఉంది. తీసి నాలుక కొసకి తాకించాను.

చుర్రుమనలేదు.