అన్నకో లివర్, తమ్ముడికో లివర్

డిప్లొమా చేతికొచ్చిన ఆ రోజుల్లో లోకంలోని యంత్రాలన్నీ నా కోసమే చెడిపోతున్నాయని నాకు గట్టి నమ్మకం. వనపర్తిలో మా ఉస్తాద్ షాపులో చేరి అప్పటికి ఏడాదైనా, ఆయన నాకు అప్పగించిన ఘనకార్యం ఒక్కటే, నట్లూ బోల్టులూ కిరోసిన్‌లో కడగడం (పుస్తకంలో చదివిన పద్ధతిలోనే కడిగేవాణ్ణి, నట్లకు మాత్రం ఆ తేడా తెలిసేది కాదు). ఆయన నన్ను పేరుతో పిలవగా ఎవరూ వినలేదు. "ఏం పాలిటెక్నిక్, జర చాయ్ తెస్తవా" అనేవాడు. అలాంటి మనిషి ఒకనాడు పొద్దున్నే ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టి, "ఆత్మకూరు అవతల ఏటి ఒడ్డుకు పోయి, ఒక బోటుకు రెండింజన్ల కంట్రోల్ బిగించి రా. సక్కగ చేసినవనుకో, గద్వాలల తెరిచే కొత్త షాపు నీకే అప్పజెప్త" అన్నాడు. బస్సు ఆత్మకూరు చేరేలోపే నేను గద్వాల షాపుకు బోర్డు రాయించి, నా పేరు పక్కన డిప్లొమా కూడా వేయించి, గల్లా దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఒడ్డుకు పోయాక అసలు సంగతి తెలిసింది. ఒక తండ్రి పోతూ పోతూ ఇద్దరు కొడుకులకు ఒకే బోటు విడిచిపోయాడు. మనుషుల్ని అవతలి ఒడ్డుకు దాటించే చిన్న బోటు. పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు తగాదా వచ్చి, ఏళ్ళ తరబడి మాటలు బంద్. ఊరి పెద్దమనుషులు కూర్చుని పొలం పంచారు, బర్రెల్ని పంచారు, బోటు దగ్గరికి వచ్చేసరికి కోయడానికి వీల్లేక "బోటు ఉమ్మడిది, ఇంజన్ ఎవనిది వాడు కొనుక్కోవాలె" అని తీర్పు చెప్పి, ఇద్దరిళ్ళలోనూ భోంచేసి లేచారు. అలా ఆ బోటు వెనక రెండు ఇంజన్లు వేలాడుతున్నాయి, కుడివైపు అన్నది, ఎడమవైపు తమ్ముడిది. ఒకనాడు అన్న నడిపితే తమ్ముడి ఇంజన్ నీళ్ళలోంచి పైకి లేపి గాల్లో ఉంటుంది, మర్నాడు తమ్ముడి వంతు. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు గానీ, వానకాలం పై డ్యాం నుంచి నీళ్ళు వదిలినప్పుడు ఆ జోరుకు ఒక్క ఇంజన్ చాలదు. రెండూ కలిసి నడవాలి. ముందు కూర్చున్న మనిషి ఒక్కడే రెండింటినీ నడిపే కంట్రోల్ పెట్టిస్తే పీడ పోతుందని ఉస్తాద్‌కు కబురు పంపింది వాళ్ళ తల్లి. కొడుకుల్ని అడిగి పంపిందో లేదో నేను అడగలేదు.

నేను అట్టపెట్టె విప్పి, చుట్టూ చేరిన జనానికి కొంచెం పెద్ద గొంతుతోనే పాఠం చెప్పాను. ఒకే డబ్బా, దాని మీద పక్కపక్కనే రెండు లివర్లు. ముందుకు నూకితే ఇంజన్ ముందుకు పోతుంది, వెనక్కి గుంజితే వెనక్కి, నడుమ నిలబెడితే ఊరుకుంటుంది. "ఒక్క చెయ్యితోని రెండూ నడుపొచ్చు" అని ముగించాను.

"ఎవని చెయ్యి?" అన్నాడు అన్న.

ఈ ప్రశ్న మా పరీక్షల్లో ఎప్పుడూ రాలేదు. ఎవరిదైనా ఒకటేనన్నాను.

"నా ఇంజన్ మీద వాడు చెయ్యేస్తే ఊకోను. గీ మాట వానికి చెప్పు" అన్నాడు అన్న, తమ్ముడికి మూరెడు దూరంలో నిలబడి. తమ్ముడు కూడా నా వైపే చూస్తూ, "ఆయన లివర్ నాకెందుకు. నా లివర్ దిక్కు ఆయన సూడొద్దని చెప్పు" అన్నాడు. ఒకరి మాట ఒకరికి మోస్తూ నాకు మధ్యాహ్నం అయింది. చివరికి తీర్పు చెప్పినవాళ్ళలో ముఖ్యుడైన మీసాల పెద్దమనిషి చుట్ట వెలిగించుకుని, "డబ్బను గూడ పంచితే అయిపాయె గద" అన్నాడు.

బుద్ధున్నవాడెవడైనా అక్కడే సామాను సర్దుకుని బస్సెక్కేవాడు. నాకు మాత్రం గద్వాల షాపు కళ్ళ ముందు ఆడుతోంది. ఖాళీ చేతులతో పోతే మళ్ళీ కిరోసినే గతి. పైగా డబ్బా విప్పి చూస్తే లోపల ఏ లివర్ సరంజామా దానిదే. ఇక నాకు అడ్డేముంది, ఇనుము కోసే రంపం తెప్పించి దాన్ని నడిమికి కోశాను. ఒక ముక్క బోటు కుడి అంచుకు, అన్న చేతికందేలా. ఇంకో ముక్క ఎడమ అంచుకు, తమ్ముడి చేతికందేలా. ఎవరి ఇంజన్‌కు వాళ్ళ కేబుళ్ళు లాగి, మధ్యలో స్టీరింగ్ బిగించాను. రెండింజన్లనూ ఒక్కటి చేయడానికి ఎవరో మహానుభావుడు ఎంతో ఆలోచించి తయారుచేసిన వస్తువును ఒక్క పూటలో రెండు చేసి, ఆ పనికి నేనే మురిసిపోయాను. "సదువుకున్నోని బుర్రనే వేరు" అన్నాడు పెద్దమనిషి. ఆయన మంచి చెడ్డా తెలిసిన మనిషని నాకు అప్పుడే అనిపించింది.

తల్లి ఇంజన్లకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కూడా తలా ఒకటి కొట్టించింది. స్టీరింగ్ దగ్గర నేను, చెరో అంచున అన్నదమ్ములు ఒకరికొకరు వీపు చూపించుకుంటూ, ముందర తల్లీ, పెద్దమనిషీ. ఒడ్డు దాటేదాకా బాగానే ఉంది. తమ్ముడి ఇంజన్ మోత పెరిగిందని అన్న తన లివర్ కొంచెం నూకాడు. అన్న ఇంజన్ మోత విని తమ్ముడు ఇంకొంచెం నూకాడు. బోటు ఉరకడం మొదలుపెట్టింది. ఎదురుగా నీళ్ళలోంచి ఒక బండరాయి కనిపించగానే అన్న భయపడి లివర్ వెనక్కి గుంజాడు. వీపు తిప్పి కూర్చున్న తమ్ముడికి అదేం తెలుసు, వాడు ముందుకే నూకుతున్నాడు. ఒక ఇంజన్ ముందుకు, ఒక ఇంజన్ వెనక్కి. బోటు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. నా చేతిలో స్టీరింగ్ ఉంది గానీ, ఆ పూట దానికీ నాకూ ఉన్న విలువ ఒక్కటే. "అన్నను ఆపమను" అని తమ్ముడు నాకు చెప్పాడు, "వాన్నే ముందు ఆపమను" అని అన్న నాకు చెప్పాడు. నేను నోరు తెరిచేలోపు పెద్దమనిషి తలపాగా నీళ్ళలో పడింది.

"ఒరే, వాడు మీ మాటలు మోసేదాక మనం బతకం. మీలో మీరే చెప్పుకోండ్రిరా" అంది తల్లి, బోటు అంచు గట్టిగా పట్టుకుని.

రాయి ఇంకోసారి మా పక్కనుంచి పోయింది. తమ్ముడు వెనక్కి తిరిగి, "అన్నా, లివర్ నడిమికి పెట్టు. నేను గూడ పెడ్త" అన్నాడు. "నువ్వు పెట్టు, నేను పెట్టిన" అన్నాడు అన్న. బోటు ఆగింది. ఏళ్ళ తర్వాత మాట్లాడుకున్న అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏం చేయాలో తోచక, ఇద్దరూ నా వైపు చూశారు.

"డబ్బ ఎవడు కోసిండు?" అన్నాడు అన్న.

"మీరే కదా పంచమన్నరు" అన్నాను.

"మేమంటం. మా ఇద్దరికి పడదు, మేం ఏమన్న అంటం. నీ బుద్ధి ఏడికి వోయింది?" అన్నాడు తమ్ముడు. "గట్ల అడుగురా" అన్నాడు అన్న. బోటు ఒడ్డుకు చేరేసరికి అక్కడ ఎవరో, "తట్టలెక్క తిరిగే పుట్టి పడవలనే దాటుతుంటిమి మా తాతల కాలంల. రెండింజన్లు వెట్టి మళ్ళ పుట్టిని చేసిండు పోరడు" అన్నారు. పెద్దమనిషి అయితే డబ్బా కోయమన్న మాట తన నోట రానే లేదని, నీళ్ళలోంచి తీయించిన తలపాగా పిండుకుంటూ ప్రమాణం చేశాడు.

మర్నాడు షాపులో నేను కిరోసిన్ దగ్గర కూర్చుని ఉండగా, అన్నదమ్ములిద్దరూ ఒకే మోటార్ సైకిల్ మీద దిగారు. నా మీద ఉస్తాద్‌కు ఫిర్యాదు చేయడానికి. అన్న ఒక మాట మొదలుపెడితే తమ్ముడు పూర్తి చేస్తున్నాడు. నన్ను తిట్టడంలో వాళ్ళ మధ్య ఎంత పొత్తు కుదిరిందంటే, మధ్యలో ఉస్తాద్ చాయ్ తెప్పిస్తే ఒక కప్పునే రెండు సాసర్లలో పోసుకుని తాగారు. ఆ చాయ్ తెచ్చింది కూడా నేనే. గద్వాల షాపు ఇంకొకడికి పోయింది.

మొన్న వానకాలం ఆ దారిన పని పడి ఆ బోటే ఎక్కాను. ఇన్నేళ్ళలో నాకు పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. కోయని కొత్త డబ్బా ఉంది, రెండు లివర్ల మీదా అన్న చెయ్యే ఉంది, తమ్ముడు పక్కన కూర్చుని, వనపర్తి నుంచి వచ్చి డబ్బా కోసిన మెకానిక్ కథ ప్రయాణికులకు చెబుతున్నాడు. ఎన్నోసారో తెలియదు గానీ, అన్న మొదటిసారి విన్నట్టే నవ్వుతున్నాడు. "నువ్వేం పని చేస్తవు సారూ?" అని నన్నడిగితే కిరాణా దుకాణమన్నాను. తర్వాత అందరితో కలిసి నేను కూడా ఆ పోరణ్ణి నాలుగు తిట్లు తిట్టాను. తిడుతుంటే వాడి మీద జాలేసింది, కొంచెం ప్రేమ కూడా కలిగింది. షాపు దక్కకపోతే పోయింది గానీ, ఇద్దరు అన్నదమ్ములు జీవితాంతం మాట్లాడుకోవడానికి సరిపడా తెలివితక్కువతనం వాడి దగ్గర ఉండింది.