పతకం తెచ్చాడు, స్వెట్టర్ తేలేదు

మా బావ ఓడలో బాయిలర్ గది మనిషి. యుద్ధం ముఖం ఎరగడు. పక్కవాడు గట్టిగా తుమ్మితే ఉలిక్కిపడే రకం. అలాంటివాడికి సాహస పతకం వచ్చిందంటే నాకు నవ్వాగలేదు.

ఆవిరి గొట్టం పగిలిన గదిలోకి ప్రాణాలకు తెగించి దూరి, వాల్వు కట్టేసి, స్పృహ తప్పిన తోటివాణ్ణి బయటికి లాక్కొచ్చాడని పత్రంలో రాశారు. పతకం గుచ్చుతుండగా తీసిన ఫోటో చూసి, ఎంత నిబ్బరమో అని వీధంతా మెచ్చుకుంది. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. ఇక ఇంటికెళ్ళాలి కదా అన్న దిగులు.

అక్క మూడు నెలలు కూర్చుని ఆయనకో నీలం స్వెట్టర్ అల్లింది. అది పోగొట్టుకుంటే మళ్ళీ గుమ్మం తొక్కొద్దని చెప్పి మరీ ఓడెక్కించింది. మా అక్క ఉత్తుత్తి మాటలు చెప్పదు.

స్వెట్టర్ ఏదంటే పెట్టె అడుగున ఉందంటూ బావ మూడు రోజులు నెట్టుకొచ్చాడు. నాలుగో రోజు అక్క పెట్టె బోర్లించింది. అడుగున మాడిన స్వెట్టర్ చెయ్యి ఒకటి దొరికింది. మిగతాది లేదు.

ఇక దాచలేక బావ కక్కేశాడు. వేడి గొట్టాల మీద బట్టలు ఆరేయకూడదని ఓడలో గట్టి నియమం. అందరూ అక్కడే ఆరేస్తారు. ఆవిరి బుస్సుమనగానే తక్కినవాళ్ళు బయటికి పరిగెత్తితే, ఈయన స్వెట్టర్ కోసం లోపలికి పరిగెత్తాడు. లోపల మనిషి ఉన్నాడనే తెలియదు.

"పతకం వెనక్కిచ్చేస్తానే," అన్నాడు తల వంచుకుని. "నీకు భయపడి వెళ్ళాను. నాకు ధైర్యం ఎక్కడిది?"

నేను నవ్వబోయి, అక్క చూసిన చూపుకి మానుకున్నాను.

"స్వెట్టర్ చేతికందిందా?" అని అడిగింది.

"అందింది. తలుపు దాకా వచ్చేశాను. అప్పుడు మూలుగు వినబడింది."

వాల్వు చక్రం కాలిపోతుంటే స్వెట్టర్ చుట్టి తిప్పాడట. అది చక్రానికే అంటుకుపోయింది. ఊడి వచ్చింది ఆ చెయ్యి ఒక్కటే.

"స్వెట్టర్ దొరికింది కదా, వచ్చేయకపోయారా?"

"వాడక్కడ పడున్నాడు కదే," అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఇన్నాళ్ళూ ఈయన్ని ఆటపట్టించినందుకు నాకు సిగ్గేసింది.

అక్క మాడిన ముక్కని మడిచి పతకం డబ్బాలో పెట్టింది. ఊలు బుట్ట తెచ్చుకుని, చెయ్యి చాపమని బావకి కొలత తీసింది. అరచేతిలో కాలిన మచ్చ దగ్గర ఆమె వేళ్ళు కాసేపు ఆగాయి.

"ఇది కూడా కాలిపోతే?" అని నసిగాడు బావ.

"కాలిపోనీండి," అంది అక్క. "మీరు మాత్రం ఇంటికి రండి."