మారెక్క బావి, హగరి ఇసుక

2002లో, వేసవి ముగిసే రోజుల్లో, కణేకల్లు అవతల హగరి ఏటి గట్టున ఉన్న ఒక పల్లెలో పని ఒప్పుకున్నాను. అనంతపురం జిల్లాలో సముద్రపు ఒడ్డులాంటి ఇసుక దిబ్బలున్నాయంటే బయటివాళ్లు నమ్మరు. ఆ ఏరు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంది. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ఏట్లోని ఇసుక గట్టెక్కి చేల మీదికి నడిచి వస్తుంది.

నాది లెవెలింగ్ పని. మూడు కాళ్ల స్టాండు మీద డంపీ లెవెల్ అనే దుర్భిణి నిలిపి, ఎదురుగా పట్టిన కొలబద్దను చూసి, నేల ఎక్కడ ఎంత ఎత్తులో ఉందో లెక్కగడతాను. కాలేజీలో నేర్చినది కాదు. కాలువ పనుల్లో కూలీగా బద్ద పట్టుకుని నిలబడుతూ, ఇంజనీర్లు వేసిన లెక్కలను ఇంటికొచ్చి మళ్లీ వేసుకుంటూ పట్టుబడిన విద్య.

నన్ను పిలిచింది కోస్తాలోని ఒక యూనివర్సిటీ. తీరం ఎలా కోసుకుపోతుంది, ఇసుక ఎటు కదులుతుంది అని పరిశీలించే శాఖ వారిది. సముద్రం ఒడ్డున దిబ్బలను నిలబెట్టే పద్ధతి మా ఏటి ఒడ్డున పనికొస్తుందేమో చూడాలని సుభద్ర మేడమ్ అనే ప్రొఫెసర్ విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చారు.

దిబ్బకు తూర్పున మొదటి చేను మారెక్కది. భర్త పోయాక సేద్యమంతా ఆమే చూసుకునేది. ఆ చేనిలో రాతికట్టు బావి ఒకటుంది. చుట్టుపక్కల బోర్లు ఎండినా అందులో ఊట ఆగలేదు. ఇసుక ఆ బావి వైపే వస్తోంది. బావి పూడితే ఆమెకు బళ్లారికి కూలికి పోవడం తప్ప దారి లేదు.

నేను స్టాండు నిలుపుతుంటే మారెక్క వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏమప్పా కొలతలాయనా, మీ మేడమ్ది యా ఊరు?"

"సముద్రం కాడ, అక్కా."

"ఆడ నీళ్లన్నా ఉండాయి. ఈడ ఇసుక ఒకటే ఉండాది. ఆయమ్మకు మన సంగతి ఏం తెలుస్తాది?"

మేడమ్ విని నవ్వారు. "మా నాన్న చేపలు పట్టేవాడు, అక్కా. మా ఇల్లు ఇసుకలో కూరుకుపోతే విప్పి వెనక్కి జరిపి కట్టుకున్నాం. నాకు తెలిసింది నీళ్ల గురించి కాదు, ఇసుక గురించే."

"అట్లయితే కూచో తల్లీ," అంటూ మారెక్క కొంగుతో బావి గట్టు తుడిచింది. ఆ రోజు నుంచి మా అందరికీ రాగిసంగటి ఆ ఇంట్లోనే.

పద్ధతి చెప్పడానికి సులువే. గాలికి అడ్డంగా కంప వరసలు పాతాలి. ఇసుక వాటి దగ్గర ఆగుతుంది. వానలు పడ్డాక వరసల మధ్య రెల్లు, సరుగుడు మొక్కలు నాటాలి. మా వాళ్లు సరుగుడును సర్వి అంటారు. ఆ ఏడు అన్నీ అలాగే పాతాం, నాటాం. బావి గట్టు మీద ఒక రాయికి గుర్తు చెక్కి దాన్ని బెంచ్‌మార్క్ చేసుకున్నాను. అంటే ఎప్పటికీ కదలని ఎత్తు, మిగతా ఎత్తులన్నీ దానితో పోల్చి చూసుకోవడానికి. మరుసటి వేసవిలో కొలిస్తే దిబ్బ దాదాపు ఉన్నచోటే ఉంది. అందరం సంతోషించాం.

ఆషాఢం వచ్చింది. గాలికాలంలో ఆ దిబ్బల మీదికి ఎవరూ పోరు, కళ్లు తెరవలేం. మేడమ్ మాత్రం ఆ నెలలోనే కొలవాలన్నారు. వెళ్లి చూస్తే ఇసుక బావి గట్టు దాకా వచ్చేసింది. మారెక్క గంపతో ఎత్తిపోస్తోంది, గాలి మళ్లీ తెచ్చి పోస్తోంది.

తలకు తువ్వాలు చుట్టుకుని కొలిచాను. లెక్క వేస్తే విచిత్రమైన సంగతి కనిపించింది. దిబ్బ అంతా కదల్లేదు. నడిమధ్యన ఒక్కచోటే, గుండ్రంగా, తట్టలాగా గుంట పడింది. బావి మీదికి వచ్చిన ఇసుకంతా అక్కడిదే.

"దీన్ని బ్లోఅవుట్ అంటారు," అన్నారు మేడమ్. "పైపొర చెదిరినచోట గాలి తొలిచేస్తుంది. మా వైపు పడవలు దిబ్బ మీదుగా లాగినచోట ఇలా పడుతుంది. ఇక్కడ ఏమైనా లాగారా, అక్కా?"

"ఏం లాగలేదమ్మా. మీ మొక్కలు పీలగా ఉండాయని మా ఎర్రిస్వామితో మంద కట్టించినా."

ఎర్రిస్వామి ఆమె తమ్ముడు, గొర్రెల కాపరి. చేనిలో గొర్రెల మందను నిలపడం మా ప్రాంతంలో నేలకు చేసే పెద్ద ఉపకారం. వాటి పెంటికల ఎరువు కోసం రైతులు కాపర్లను బతిమాలుకుంటారు. మారెక్క తన బీడుకు రావలసిన మందను మేడమ్ మొక్కల కోసం దిబ్బ మీదికి తోలించింది. గట్టి నేలకు బలమిచ్చే గొర్రెలే ఇసుక మీద పైపొరను గిట్టలతో పొడిచేశాయి.

మేడమ్ మెల్లగా విడమరచి చెప్పారు. మారెక్క గంప కింద పెట్టేసింది.

"అంటే నా బావిని నేనే పూడ్చుకుంటినా తల్లీ?"

"నా మొక్కలకు నీ చేని కూడు పెట్టావు అక్కా. పడవల సంగతి అడగడం నాకు తెలుసు, మందల సంగతి తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఎర్రిస్వామిని పిలువు."

ఎర్రిస్వామి వచ్చి సంగతి విని తల గోక్కున్నాడు. "నా గొర్రెలకేం తెలుసు మేడమ్, దిబ్బేదో చేనేదో? తోలమంటే తోలినా."

"నీకన్నా గొర్రెలే నయం లేరా, అవి మొక్క అన్నా వాసన చూసినాయి," అంది మారెక్క. ఆ గాలిలో అందరం నోరు తెరిచి నవ్వి ఇసుక మింగాం.

ఆ వారమంతా గుంటకు అడ్డంగా కంప పరిచాం. మంద మారెక్క బీడులోకి మారింది. ఆ పెంటికలను గంపలకెత్తి మొక్కల మొదళ్లకు మోశాం. కాపరి ఎరువిస్తాడు, మంద దిబ్బ ఎక్కదు. ఈ ఒప్పందాన్ని మేడమ్ యూనివర్సిటీ పథకంలో చేర్చారు. ప్రాజెక్టు గడువు తీరాక కూడా ఆమె రావడం మానలేదు. హగరి దిబ్బలను తన విద్యార్థులకు పాఠంగా పెట్టి ఏటా ఆషాఢంలోనే తీసుకొచ్చేవారు. పథకాలు ముగిసిపోతాయి, తరగతులు మాత్రం ఏటా కొత్తగా వస్తాయి. యూనివర్సిటీ ఆ పల్లెకు చేసిన మేలు ముఖ్యంగా ఇదే అనుకుంటాను.

చేనిలో పడమటి చెక్క ఇసుక కింద పోయింది, ఇక రాదు. బావి మాత్రం నిలిచింది. మారెక్క బళ్లారి బస్సు ఎక్కలేదు.

అప్పటి నుంచి ఏ ఊళ్లో పనికి పోయినా స్టాండు కాళ్లు వెంటనే విప్పను. ఈ నేల మీద ఏ కాలంలో ఎవరు నడుస్తారు, మంద ఎక్కడ నిలుపుతారు అని ముందు అడుగుతాను. ఎత్తుపల్లాలు దుర్భిణిలో కనిపిస్తాయి. నేల మీద జనానికున్న ప్రేమ ఎటు పోతోందో మాత్రం వాళ్ల పక్కన కూచుని అడిగితేనే తెలుస్తుంది.