పోలిరాజు పిలవని పిలుపు

పాశర్లపూడి రేవులో పడవ నడిపే పోలిరాజు మీద ఏడాదిగా ఒక నింద ఉంది. తీగల పంతులుగారు పోవడానికి కారణం అతనేనని.

మొహం మీద ఎవరూ అనలేదు. వైనతేయ పాయ దాటి అమలాపురం వైపు పోవాలంటే అతని పడవే ఎక్కాలి మరి. ఎక్కి, కూర్చుని, ఏటివైపు తల తిప్పుకునేవారు. ఇదివరకు ఇంటి సంగతులు, వలల సంగతులు అడిగే మనుషులు అవతలి గట్టు దిగేదాకా నోరు విప్పేవారు కాదు. దిగాక, నాలుగడుగులు వేశాక, ఆ మాట అనుకునేవారు. నీటి మీద మాట ఎంత దూరం వినబడుతుందో వాళ్ళకి తెలియదు.

పోలిరాజుకి అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. పల్లెకారుల ఇంట పుట్టాడు. తాత ఆ పాయలోనే మునిగిపోయాడు. అందుకని అతనికి నీళ్ళంటే చనువు తక్కువ, భయం ఎక్కువ. ఆ భయమే అతన్ని మంచి పడవవాణ్ణి చేసింది. పడవ తోసే గెడ పట్టిన దగ్గర్నుంచీ అతని పడవలో ఒక్క ప్రాణం పోలేదు.

పంతులుగారి అసలు పేరు నారాయణమూర్తి. ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. తీగ బిగించి ఉంటే చాలు, వీణ కానీ, ఫిడేలు కానీ, సితారు కానీ, ఆయన చేతిలో మాట్లాడేది. ఊరూరా తిరిగే కిన్నెరవాణ్ణి ఒకణ్ణి పది రోజులు అరుగు మీద కూర్చోబెట్టుకుని ఆ విద్య కూడా పట్టేశారు. బ్రాహ్మడికి కిన్నెర ఏమిటని అడిగినవాళ్ళకి, "తీగకి గోత్రం లేదోయ్" అనేవారు. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఏ పెళ్ళిలోనైనా, ఏ దేవుడి కల్యాణంలోనైనా ఆయన ఉండాల్సిందే. ఆ ప్రయాణాలన్నీ పోలిరాజు పడవలోనే.

ఏటి నడుమకి వచ్చేసరికి పంతులుగారు వాయిద్యం గలేబు విప్పేవారు. గాలికి తీగ వదులయిందేమో చూసుకోవడానికని చెప్పేవారు గానీ, పడవలోని కొబ్బరికాయల వాళ్ళూ, గడ్డిమోపుల వాళ్ళూ దానికోసమే కాచుకుని ఉన్నారని ఆయనకి తెలుసు. అప్పుడు పోలిరాజు గెడ పైకి తీసి, పడవని నీటివాలుకి వదిలేసేవాడు. ఎంత పని ఉన్నవాళ్ళయినా తొందరపెట్టేవారు కాదు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి.

కిందటేడు శ్రావణంలో ఎర్రనీరు గట్టు అంచుదాకా వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక ఇక వరదలుండవన్న దొరల మాట గోదావరి ఇంకా వినలేదు. ఆ రోజు పంతులుగారు ఫిడేలు చంకన పెట్టుకుని ఒక్కరే రేవుకి వచ్చారు. సాయంత్రానికి అమలాపురంలో ఉండాలి.

"ఇయ్యాళ ఏటి మీద చెయ్యెయ్యకూడదండి," అన్నాడు పోలిరాజు.

"సరేలేవోయ్. నీ ఏరు, నీ ఇష్టం. కాస్త తగ్గుతుందేమో చూద్దాం," అని ఆయన రేవులో కట్టి ఉన్న పడవలోకి వెళ్ళి తాటాకు గూడు కింద కూర్చున్నారు. అంతలో వాన పట్టుకుంది. గూడు కారింది. జాము సేపు అలాగే కూర్చుని, వరద తగ్గేలా లేదని తేలాక తడిబట్టలతో ఇంటిదారి పట్టారు. ఆ రాత్రి జ్వరం తగిలింది. పదకొండో రోజున పోయారు.

పడవ వేసి ఉంటే అవతల పొడిబట్ట కట్టుకుని హాయిగా ఉండేవారు కదా అన్నది జనం మాట. ఆ మాట అందరికన్నా గట్టిగా అన్నవారు మామిడికుదురు ముత్యాలరాజుగారు. ఆయన ముప్ఫై ఎకరాల ఆసామి, పంతులుగారి వాయిద్యమంటే ప్రాణం పెట్టే మనిషి.

జనానికి తెలియని సంగతి ఒకటుంది. ఆ పడవకి పాతిక అడుగుల దూరంలో పోలిరాజు గుడిసె. లోపల పొడి చాప ఉంది, పొయ్యిలో నిప్పుంది. అతని భార్య పెద్దింట్లమ్మ గుమ్మంలో నిలబడి రెండుసార్లు అతనికేసి చూసింది, పిలవమన్నట్టు. పోలిరాజు పిలవలేకపోయాడు. ఎండుచేపల వాసన కొట్టే గుడిసెలోకి అంతటి మనిషిని ఎలా పిలవడం? పిలిస్తే ఆయన ఏమనుకుంటారు? పిలిచాక ఆయన వచ్చేస్తే, రేపు ఊరేమంటుంది? ఆలోచిస్తూ ఉండగానే ఆయన లేచి వెళ్ళిపోయారు. ఏడాదిగా పోలిరాజుని కాల్చింది జనం మోపిన నింద కాదు, ఈ పిలవని పిలుపు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. ఆబ్దికం ఇంట్లో జరిగింది. రెండు రోజులు పోయాక, అవతల బోడసకుర్రులో ఆయన అభిమానులంతా చేరి ఆయన్ని తలుచుకుందామనుకున్నారు. ఆయన వాయిద్యాలన్నీ పందిట్లో పెట్టి, శిష్యుడు గంగాధరం చేత వాయింపించాలని ఏర్పాటు. ఆ వాయిద్యాలు ఇవతల ఒడ్డున, ఆయన కూతురు పార్వతమ్మ ఇంట్లో ఉన్నాయి.

పొద్దున్నే ఎడ్లబండి రేవులో ఆగింది. ముత్యాలరాజుగారు, ముప్ఫై ఏళ్ళ గంగాధరం, పార్వతమ్మ దిగారు. బండిలో చాపలు చుట్టిన వీణ, సితారు, ఫిడేలు, కిన్నెర. ఏటి నీళ్ళు మళ్ళీ అదే రంగులో ఉన్నాయి.

"పడవ విప్పు," అన్నారు ముత్యాలరాజుగారు.

"ఇప్పుడు కాదండి. మజ్జానం పోటెక్కుద్దండి. సముద్రం నీరు ఎదురొచ్చినప్పుడు ఏరు కాసేపు మెత్తబడుద్దండి. అప్పుడేస్తానండి."

"అవతల రెండు వందల మంది కూర్చున్నారురా."

"ఆయ్. తెలుసండి. కూర్చోనీండి."

ముత్యాలరాజుగారు ఒక అడుగు ముందుకు వేశారు. "కిందటేడూ ఇదే కూత కూశావు. ఒక్కర్ని చంపింది చాల్లేదా?"

ఏడాదిగా వీపు వెనక తిరిగిన మాట మొదటిసారి మొహం మీద పడింది. బండివాడు తల దించుకున్నాడు. పోలిరాజు పడవ తాడు ముడి విప్పలేదు.

అప్పుడే పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. బండికి గూడు లేదు. గంగాధరం వీణ మీద బోర్లా పడి ఒంటితో కప్పాడు. పార్వతమ్మ పైట చెంగుతో ఫిడేలుని చుట్టింది. పోలిరాజు ఒక్క క్షణం గుడిసె వైపు చూశాడు. పెద్దింట్లమ్మ గుమ్మంలోనే ఉంది. ఈసారి ఆమె అతనికేసి చూడటం లేదు, నేలకేసి చూస్తోంది.

"అమ్మగారండి," అన్నాడు. "లోపలికి రండి. పొడిగా ఉంటాదండి."

"ఎవర్ని ఎక్కడికి పిలుస్తున్నావో తెలుస్తోందా?" అని ముత్యాలరాజుగారు కేకేశారు.

పార్వతమ్మ చాపల మీద కారుతున్న నీళ్ళకేసి చూసింది. ఫిడేలు గుండెకి పొదువుకుని, వంగి, ఆ గుడిసెలోకి వెళ్ళిపోయింది. గంగాధరం వీణ ఎత్తుకుని వెనకే నడిచాడు. బుల్లబ్బాయి, అంటే పెద్దింట్లమ్మ తమ్ముడు, సితారూ కిన్నెరా తెచ్చాడు. ముత్యాలరాజుగారు మాత్రం చూరు కింద, సగం వానలో నిలబడ్డారు.

పెద్దింట్లమ్మ కొత్త చాప పరిచి పక్కకి తప్పుకుంది. తరవాత పార్వతమ్మ అడిగింది.

"పోలిరాజూ, ఆ రోజు మా నాన్నగారిని ఇలా పిలవలేదా?"

అతను గుంజ పట్టుకున్నాడు. "లేదండమ్మా."

"ఎందుకు?"

"దడిసిపోయేనండి."

పార్వతమ్మ అతనికేసి నిదానంగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఓదార్పు కూడా లేదు. "పిలిచుంటే వచ్చేవారు," అంది.

బయట చూరు కింద ముత్యాలరాజుగారు ఆ మాట విన్నారు.

మధ్యాహ్నానికి వాన వెలిసింది. పోలిరాజు గట్టు మీద నిలబడి నీటి మీది నురుగునే చూస్తున్నాడు. పరుగెత్తుతున్న నురుగు నడకకి దిగింది, నడక ఆగింది. "ఎక్కండి," అన్నాడు.

చుక్కాని దగ్గర పోలిరాజు, ముందు గెడతో బుల్లబ్బాయి. వీణని నడుమ అడ్డంగా పెట్టారు. సగం ఏరు బాగానే గడిచింది. అప్పుడు ఎగువ నుంచి, మొదలంటా లేచిన తాడిచెట్టు ఒకటి నీళ్ళలో మునుగుతూ తేలుతూ వచ్చింది. పోటు నీటిని ఆపింది గానీ దాన్ని ఆపలేదు. పోలిరాజు చుక్కాని మీద పడి పడవని తిప్పాడు. దుంగ పక్కకి తప్పింది. దాని వేళ్ళ గుత్తి మాత్రం అంచుని ఒరుసుకుంటూ పోయింది. పడవ ఒక పక్కకి ఒరిగి నీళ్ళు లోపలికి కుమ్మరించాయి.

వీణ జారింది. దాని వెంట గంగాధరం దూకినట్టే పడ్డాడు. ముత్యాలరాజుగారు ఒక చేత్తో అతని మొలతాడు పట్టుకున్నారు, రెండో చేత్తో వీణ దండి పట్టుకున్నారు. ఇద్దరి బరువూ, వీణ బరువూ ఒక పక్కే. అంచు నీటికి బెత్తెడు ఎత్తున ఉంది.

"వీణ వదిలేయండి, రాజుగారండి!"

ఆయన వదల్లేదు. పళ్ళు బిగించి లాగుతున్నారు. ఇంకో దోసెడు నీళ్ళు లోపలికి వచ్చాయి.

"మనిషిని పట్టుకోండి! వీణ వదలండి!" పోలిరాజు చుక్కాని వదలలేడు. వదిలితే పడవ అడ్డం తిరుగుతుంది. అరవడం తప్ప అతని చేతిలో ఏమీ లేదు.

"వదిలేయండి," అంది పార్వతమ్మ. ఆమె అరవలేదు.

ముత్యాలరాజుగారి వేళ్ళు విడిపోయాయి. రెండు చేతులతో గంగాధరాన్ని లోపలికి ఈడ్చారు. పడవ సర్దుకుంది. అందరూ నీళ్ళు తోడుతుంటే గంగాధరం ఒక్కడూ అటే చూస్తున్నాడు. పనసకర్ర వీణ మునగలేదు. బుర్ర పైకి చేసుకుని, మనిషి వెల్లకిలా పడుకున్నట్టు, చాలా దూరం తేలుతూ పోయింది.

అవతల గట్టు మీద జనం జరిగిందంతా చూశారు. పడవ దిగుతుంటే ఎవరో, "మళ్ళీ వీడి పడవలోనే," అన్నారు. ముత్యాలరాజుగారు బురదలో ఆగి వెనక్కి తిరిగారు.

"వీణ వదిలింది నేను. వాడు వదలమని అరిచాడు గనక అయిదుగురం దిగాం. పొద్దున్న ఆగమన్నందుకు, ఒకర్ని చంపావని వాణ్ణి అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది." పోలిరాజు వైపు మాత్రం ఆయన చూడలేదు.

పందిట్లో ఒక్కొక్కరే లేచి పంతులుగారిని తలుచుకున్నారు. కంసాలి ఒకాయన, తన కూతురి పెళ్ళిలో సన్నాయివాళ్ళు రాకపోతే పంతులుగారు సితారు మీదే మంగళవాద్యం పలికించిన సంగతి చెప్పి కళ్ళొత్తుకున్నాడు. తమలపాకుల తోట రైతు ఒకడు, తెగిన తీగని పళ్ళతో లాగి ముడేసి మళ్ళీ వాయించడం తన కళ్ళతో చూశానన్నాడు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు.

"ఆఖరిసారి ఆయన వాయించింది విన్నవాళ్ళెవరు?"

పడవలో కూర్చుంటే ఆయన వాయించకుండా ఉండరని అందరికీ తెలుసు. తలలన్నీ పందిరి బయట నిలబడ్డ పోలిరాజు వైపు తిరిగాయి. ముత్యాలరాజుగారు చెయ్యి ఊపి లోపలికి రమ్మన్నారు. గంగాధరం ముందుకు వంగాడు. "ఏం వాయించారు? ఎత్తుగడ ఒక్కటి గుర్తున్నా చాలు, నేను పట్టుకుంటాను," అన్నాడు.

రెండు వందల మంది ముందుకు జరిగారు. అప్పుడు పోలిరాజు ఏ కూనిరాగం తీసినా వాళ్ళు కళ్ళకద్దుకునేవారు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"వినలేదండి," అన్నాడు.

పందిట్లో గుసగుస లేచింది.

"ఫిడేలు తీసి వాయించేరండి. గూడు మీద వాన హోరు. ఏటి హోరు. కట్టుతాడు తెగిపోద్దేమోనని నా ప్రాణమంతా దాని మీదే ఉందండి. చెయ్యి కదలడం చూసేనండి. ఒకసారి తీగ జారితే నవ్వుకున్నారండి. అంతేనండి. ఇంకేం చెప్పినా అబద్ధమవుద్దండి." ఏటి అవతలి గట్టు వైపు చూశాడు. "ఇల్లు పక్కనే ఉంది. లోపలికి పిలవలేదండి. పిలవాల్సిందండి."

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు చివాల్న లేచారు. "పిలిస్తే మాత్రం ఆయన నీ కొంపలో అడుగుపెడతాడట్రా?"

"పెట్టేవారు," అంది పార్వతమ్మ ఆడవాళ్ళ మధ్య నుంచి. ఆమె లేచి నిలబడింది. "నేను పెట్టాను. ఇవాళ పొద్దున్న. ఆ చాప మీదే కూర్చున్నాను."

ఆ పెద్దాయన ఉత్తరీయం దులుపుకుని వెళ్ళిపోయారు. ఆయన వెంట మరో నలుగురు వెళ్ళారు. ఇంకా ఎందరు లేస్తారోనని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. గంగాధరం ఫిడేలు తీసి, తడికి వదులైన తీగలు శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. జనం కదలకుండా కూర్చున్నారు. చివరికి వాయించాడు.

పార్వతమ్మని అత్తవారు ఊరికే విడిచిపెట్టలేదు. ప్రాయశ్చిత్తం జరిగేదాకా నాలుగు నెలలు వంటింటి గడప తొక్కనివ్వలేదు. తప్పు చేశానని మాత్రం ఆమె చేత అనిపించలేకపోయారు. మామిడికుదురులో కొట్టించిన పనస చేవతో ముత్యాలరాజుగారు గంగాధరానికి కొత్త వీణ చేయించారు. నింద పూర్తిగా పోయిందని చెప్పలేం. రాజోలు వైపు కొందరు చివరిదాకా ఆ మాట అంటూనే ఉన్నారు. కానీ పడవెక్కినవాళ్ళు మళ్ళీ వలల సంగతీ, ఇంటి సంగతీ అడగసాగారు.

పోలిరాజు ఆ తరవాత పదహారేళ్ళు బతికాడు. రేవులో వాన పట్టుకుంటే, పడవ కోసం నిలబడ్డది ఎవరైనా సరే, గుమ్మంలోకి వచ్చి లోపలికి రమ్మని పిలిచేవాడు. కొందరు వచ్చేవారు. కొందరు అక్కడే నిలబడి తడిసేవారు.